క్రోమోసోముల కొసలను చదువుట ఎట్లు?

కాజీపేట నుండి బల్లార్షా వైపు పోవు రైలుమార్గంలో హసన్‌పర్తి రోడ్డు స్టేషను ఉన్నది. సింగరేణి బొగ్గు నింపుకొన్న గూడ్సు బండ్లు ఈ దారిన పోవుచుండును. గేటు పడి దారి నిలిచిపోయినప్పుడు బడిపిల్లలు ఆ బండి పెట్టెలను లెక్కపెట్టుచు ప్రొద్దుపుచ్చుట మనకు తెలిసినదే.

అట్టి బండిని ఎవరో ఫోటోలు తీసినారనుకొందము. ఒక్కొక్క ఫోటోలో మూడు పెట్టెలు మాత్రమే పట్టినవి. పెట్టెల మీది అంకెలు కనబడుట లేదు. ఫోటోలన్నింటిని కలగలిపి మన చేతికిచ్చి, "బండికి పెట్టెలెన్ని?" అని అడిగిన మనమేమి చెప్పగలము? ఇంజను ఉన్న ఫోటోను గుర్తింపవచ్చును. చివరి పెట్టె ఉన్న ఫోటోనూ గుర్తింపవచ్చును. నడుమ ఉన్నవన్నీ ఒక్క తీరుగానే ఉన్నవి. బండికి నలుబది పెట్టెలో, యాభైయెనిమిది పెట్టెలో ఆ ఫోటోలను బట్టి తేల్చుట సాధ్యము కాదు. ఇంజను మొదలు చివరి పెట్టె వరకు ఒకే ఫోటోలో పట్టిననాడే ఆ లెక్క తేలును.

క్రోమోసోముల కొసలను చదువబూనిన శాస్త్రజ్ఞులకు సరిగా ఈ చిక్కే ఎదురైనది. ఆ కొసలలోని మాట ఏదో 1978లోనే తెలిసినది. కాని మానవుని క్రోమోసోములను ఈ కొస నుండి ఆ కొస వరకు తెంపు లేకుండ చదువుట 2022 వరకు సాధ్యపడలేదు. ఇంతకాలము పట్టుటకు కారణమేమి? ఆ చిక్కును విప్పిన పద్ధతులెట్టివి? వానివలన మనకు కలుగు ప్రయోజనమేమి?

కొస అనగా నేమి?

జీవకణములోని క్రోమోసోములో డి.ఎన్.ఏ. అను పొడవైన జంటపోగు ఉండును. ఆ పోగులో నాలుగు విధములైన క్షారములు వరుసగా కూర్చబడి ఉన్నవి: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. ఈ వ్యాసములో వీనిని అ, థ, గ, స అను అక్షరములతో గుర్తింతము. జంటపోగులో అ ఎదుట థ, గ ఎదుట స ఉండుట నియమము. ఈ అక్షరముల వరుసను కనుగొనుటనే డి.ఎన్.ఏ.ను చదువుట అందురు.

క్రోమోసోము కొసకు ఒక ప్రత్యేకత ఉన్నదని మొదట గ్రహించినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్. ఎక్స్ కిరణములతో పండ్ల ఈగల క్రోమోసోములను తెంచి చూడగా, తెగిన చోట్లు మరల ఎక్కడనో అతుకుకొనుచుండెను గాని, సహజమైన కొసలు మాత్రము దేనికిని అతుకలేదు. 1938లో ఆయన ఈ కొసకు టెలోమియర్ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో తెలోస్ అనగా కొస, మెరోస్ అనగా భాగము. అదే కాలమున బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్నపై పరిశోధించి, టెలోమియర్ లేని తెగిన కొసలు ఒకదానికొకటి అతుకుకొని, కణవిభజనలో మరల తెగి, క్రోమోసోములను ఛిన్నాభిన్నము చేయునని చూపినది. తువ్వాలు అంచున దారములు ముడివేసి కుచ్చులు కట్టనిచో నేత విడిపోవును గదా. టెలోమియరు క్రోమోసోముకు అట్టి ముడి.

ఈ ముడికి మరియొక పని కూడ ఉన్నది. కణము విభజన పొందునప్పుడెల్ల డి.ఎన్.ఏ.కు నకలు తీయబడును. నకలు తీయు యంత్రాంగము పోగు చిట్టచివరి భాగమును పూర్తిగా నకలు తీయలేదు. రష్యా శాస్త్రజ్ఞుడు ఒలోవ్నికోవ్ 1971లోను, జేమ్స్ వాట్సన్ 1972లోను ఈ చిక్కును ఎత్తిచూపినారు. కావున ఒక్కొక్క విభజనలో కొస కొంత తరుగును. మానవుని అనేక కణములలో ఈ తరుగు విభజనకు సుమారు 50 నుండి 100 అక్షరములు. తరుగునది అర్థము లేని ఆవృత్తి భాగమగుటచే జన్యువులకు హాని కలుగదు. కాని అది మరీ పొట్టిదైనప్పుడు కణము విభజనను మానివేయును.

మొదటి పఠనము

టెలోమియరులోని అక్షరములను మొదట చదివినవారు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్. వారు మానవుని కణమును గాని, మొక్క కణమును గాని తీసికొనలేదు. నీటిగుంటలలో నివసించు టెట్రహైమెనా అను ఏకకణజీవిని తీసికొన్నారు. ఈ ఎంపికలోనే వారి నేర్పున్నది. మానవకణములో 46 క్రోమోసోములు, అనగా 92 కొసలు మాత్రమే ఉండును. టెట్రహైమెనా పెద్దకేంద్రకములోనో, ఒకే రకపు చిన్న డి.ఎన్.ఏ. ముక్కలు సుమారు పదివేలు ఉండును. ఒక్కొక్కదానికి రెండు కొసలు. కొసలు ఇంత సమృద్ధిగా దొరకు జీవి మరొకటి అప్పుడు వారి చేతిలో లేదు. 1978లో వారు ప్రకటించిన ఫలితము ఇది: ఆ కొసలలో థథగగగగ అను ఆరక్షరముల మాట 20 నుండి 70 మార్లు వరుసగా వచ్చుచున్నది.

1985లో కారల్ గ్రైడర్, బ్లాక్‌బర్న్ కలిసి ఈ మాటను కొసకు చేర్చు టెలోమరేజ్ అను ఎంజైమును ప్రకటించినారు. 1988లో మానవుని కొసలలో థథఅగగగ అనియు, అరబిడాప్సిస్ అను చిన్న మొక్క కొసలలో థథథఅగగగ అనియు తెలిసినది. మన వరి కొసలలో ఉన్నదియు ఈ ఏడక్షరముల మాటయే. ఈ కృషికి బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్ లకు 2009లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

చిన్న ముక్కల చిక్కు

మాట తెలిసినది గదా, ఇక చదువుటకేమి మిగిలినది? మూడు ప్రశ్నలు మిగిలినవి. ఆ మాట ఏ క్రోమోసోము కొసలో ఎన్ని మార్లు ఉన్నది? నడుమ ఎక్కడనైన మాట మారినదా? ఆవృత్తి మొదలగు ముందర, కొసకు ఆనుకొని ఏ అక్షరములు, ఏ జన్యువులు ఉన్నవి?

ఫ్రెడరిక్ సాంగర్ 1977లో కనుగొన్న పద్ధతిలో ఒక పర్యాయమున ఎనిమిది వందల అక్షరముల వరకు చదువవచ్చును. తరువాత వచ్చిన వేగవంతమైన యంత్రములు ఒకే పర్యాయమున కోట్ల ముక్కలను చదువగలవు గాని, ఒక్కొక్క ముక్క 100 నుండి 300 అక్షరములే. ముక్కల అంచులలోని సమానభాగములను ఒకదానిపై నొకటి పొదిగి పూర్తి పాఠమును కూర్చవలెను.

ఒక మానవ టెలోమియరులో 10,000 అక్షరములున్నవనుకొందము. ఆరింట భాగించిన మాట సుమారు 1,660 మార్లు వచ్చును. 150 అక్షరముల ముక్కలో మాట 25 మార్లు పట్టును. ఆవృత్తిలో ఏ చోట నుండి తీసినను ముక్కలన్నీ ఒకే విధముగ ఉండును. వానిని ఒకదాని ప్రక్కన నొకటి పేర్చవలెనో, ఒకదానిపై నొకటి పొదుగవలెనో తెలుపు గుర్తు ఏమియు లేదు. ఇదియే మన గూడ్సు బండి చిక్కు. ఆ ముక్కలు 92 కొసలలో ఏ కొసవో కూడ తెలియదు. అనగా ఒక బండి ఫోటోలు కావు, తొంబది రెండు బండ్ల ఫోటోలు కలసిపోయినవి.

దీనికి తోడు మరి రెండు అడ్డంకులున్నవి. డి.ఎన్.ఏ. ముక్కలను బాక్టీరియాలో పెంచి చదువుట పూర్వపద్ధతి. ఆవృత్తి భాగములు బాక్టీరియాలో నిలకడగా ఉండక కొంత జారిపోవును. ఇక కొసకు ముందున్న భాగము, అనగా ఉపటెలోమియరు, అనేక క్రోమోసోములలో ఇంచుమించు ఒకే పోలికతో ఉండును. బండి ఇంజనులు కూడ ఒకదానినొకటి పోలి ఉన్నట్లైనది. అందుచేతనే 2003లో మానవ జన్యుపాఠము పూర్తియైనదని ప్రకటించినప్పటికిని, దానిలో సుమారు నూటికి ఎనిమిది వంతులు ఖాళీగనే ఉండినది.

చదువకయే కొలిచిన పద్ధతులు

అక్షరములను చదువలేనప్పుడు పొడవునైన కొలువవచ్చునని శాస్త్రజ్ఞులు వేరు ఉపాయములు పన్నినారు.

మొదటిది కోత పద్ధతి. హిన్‌ఎఫ్-1, ఆర్‌ఎస్‌ఏ-1 వంటి ఎంజైములు తమకు నియతమైన అక్షరవరుస కనబడిన చోటనే డి.ఎన్.ఏ.ను కోయును. టెలోమియరు ఆవృత్తిలో ఆ వరుసలు లేవు. కావున తక్కినదంతయు చిన్న తునకలైపోగా, కొసలు మాత్రము పొడవుగా మిగులును. వానిని జెల్లీ పలకలో విద్యుత్తుతో నడిపించి పొడవును నిర్ణయింతురు. ఇందు లభించునది కొసలన్నింటి సగటు మాత్రమే.

రెండవది వెలుగు పద్ధతి. ఆవృత్తికి జతపడు వెలుగునిచ్చు తునకను కణములోనికి పంపుదురు. కొస ఎంత పొడవైన అంత ఎక్కువ తునకలు అంటుకొని అంత ఎక్కువ వెలుగు వచ్చును. 1998 నుండి రక్తకణములను ఒక్కొక్కటిగా ప్రవహింపజేసి ఈ వెలుగును కొలుచుట వాడుకకు వచ్చినది.

మూడవది నకళ్ల పద్ధతి. 2002లో రిచర్డ్ కాథన్ ప్రకటించిన ఈ విధానములో టెలోమియరు ఆవృత్తికి ఎన్ని నకళ్లు వచ్చినవో, సంఖ్య తెలిసిన వేరొక జన్యువుకు ఎన్ని నకళ్లు వచ్చినవో పోల్చిచూతురు. ఇది చౌక, శీఘ్రము. కాని కొలత కొలతకు తేడా ఎక్కువ. ఇదియు సగటునే చెప్పును.

నాలుగవది 2003లో డంకన్ బెయిర్డ్ బృందము తెచ్చినది. టెలోమియరు చిట్టచివర ఒక గుర్తుతునకను అతికించి, అక్కడ నుండి ఒకే ఒక క్రోమోసోముకు ప్రత్యేకమైన అక్షరముల వరకు నకళ్లు తీయుదురు. ఒక్క కొస పొడవును విడిగా తెలిసికొనుట దీనితో మొదలైనది. కాని అట్టి ప్రత్యేకమైన అక్షరములున్న కొసలు కొన్నియే.

సగటు ఎందుకు చాలదు? తరగతిలో సగటు మార్కులు అరువది అయినంత మాత్రమున తప్పినవారు లేరని కాదు గదా. కణము విభజనను మానుటకు కారణమగునది సగటు కొస కాదు, అతి పొట్టివైన కొన్ని కొసలు.

పొడవైన పఠనము

చిక్కు విడుటకు మార్గము పొడవైన ముక్కలను చదువుటయే. దీనికి రెండు యంత్రములు వాడుకలోనికి వచ్చినవి.

ఒకదానిలో డి.ఎన్.ఏ. ముక్క రెండు చివరలను మూసి వలయముగా చేయుదురు. నకలు తీయు ఎంజైము ఆ వలయము చుట్టు గానుగెద్దువలె అనేక పర్యాయములు తిరుగును. ఒక్కొక్క అక్షరము చేరినప్పుడు ఒక్కొక్క రంగు వెలుగు మెరయును. ఒక చుట్టులో తప్పు చదివినను, పది చుట్లను పోల్చిచూడగా తప్పులు తొలగును. ఈ విధముగ సుమారు 15,000 నుండి 20,000 అక్షరముల ముక్కలను వేయింట ఒకటికి మించని తప్పులతో చదువుచున్నారు.

రెండవదానిలో పలుచని పొరపై అతిసూక్ష్మమైన రంధ్రము గల ప్రోటీను ఉండును. పొరకు ఇరువైపుల ఉప్పునీరు, దానిలో విద్యుత్ప్రవాహము. డి.ఎన్.ఏ. పోగును సూదిబెజ్జములోని దారమువలె ఆ రంధ్రముగుండ పంపుదురు. రంధ్రములో ఏ అక్షరములున్నవో దానిని బట్టి ప్రవాహము మారును. ఆ మార్పులను కంప్యూటరు అక్షరములుగా మార్చును. ఇందు చదువబడు పొడవుకు యంత్రము హద్దు పెట్టదు; ముక్క తెగకుండ ఉన్నంతవరకు చదువును. లక్ష అక్షరములు దాటిన పఠనములు ఇందు సామాన్యము. డి.ఎన్.ఏ.ను పిపెట్టుతో గట్టిగా పీల్చినను తెగిపోవును గనుక, దానిని కణము నుండి తీయుటలో మిక్కిలి మెలకువ వలయును.

ఈ రెండవ పద్ధతిలో టెలోమియరు దగ్గర ఒక వింత పొరపాటు బయటపడినది. థథఅగగగ అను ఆవృత్తిని కంప్యూటరు కొన్నిచోట్ల థథఅఅఅఅ అని చదివినది. ఆ రెండు ఆవృత్తుల విద్యుత్సంకేతములు ఒకదానినొకటి మిక్కిలి పోలి ఉండుటయే దీనికి కారణమని 2022లో తెలియవచ్చినది. కంప్యూటరుకు టెలోమియరు ఉదాహరణములతో మరల శిక్షణ ఇచ్చి ఈ దోషమును సవరించినారు. యంత్రము చెప్పినదెల్ల ప్రకృతి చెప్పినట్లు కాదనుటకు ఇది మంచి నిదర్శనము.

ఈ రెండు యంత్రముల పఠనములను జోడించి ఒక అంతర్జాతీయ బృందము 2022లో మానవ క్రోమోసోములను కొస నుండి కొస వరకు చదివి ప్రకటించినది. మొత్తము సుమారు 305 కోట్ల అక్షరములు. తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన ప్రతులు భిన్నములగుటచే కలుగు గజిబిజిని తప్పించుటకు, రెండు ప్రతులు ఒకే విధముగ ఉన్న ఒక ప్రత్యేక కణజాతిని ఎన్నుకొన్నారు. దానిలో వై క్రోమోసోము లేదు. అది 2023లో చదువబడినది.

ఉపటెలోమియరుల పూర్తి పాఠము ఇట్లు చేతికి రాగా, ఏ పఠనము ఏ కొసదో గుర్తించుట వీలైనది. 2024లో గ్రైడర్ బృందము టెలోమియరు చివర ఒక గుర్తుతునకను అతికించి, దాని సహాయముతో కొసలను మాత్రము ఏరి, సూక్ష్మరంధ్ర యంత్రముతో చదివినది. ఒక్కొక్క పఠనము చివరి గుర్తుతో మొదలై, ఆవృత్తినంతటిని దాటి, క్రోమోసోమును తెలుపు అక్షరముల వరకు పోవును. ఇంజను నుండి చివరి పెట్టె వరకు ఒకే ఫోటో దొరికినది! 147 మందిని పరిశీలించగా, ఒకే మనిషిలో కొసకు కొసకు మధ్య సగటున ఆరువేల అక్షరములకు మించిన భేదము కూడ ఉండుననియు, కొన్ని క్రోమోసోముల కొసలు చాలమందిలో పొడవుగను, కొన్ని పొట్టిగను ఉండుననియు తెలిసినది. సగటు కొలతలకు ఈ సంగతి ఎన్నడును కనబడి ఉండదు.

వరి కొసలు, సాంబ మసూరి

వరంగల్లు ప్రాంతములో సాంబ మసూరి పేరెరుగని రైతు ఉండడు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ బి.పి.టి. 5204 వంగడము అన్నమునకు పేరొందినది. కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభముగా లొంగును. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము (సి.సి.ఎం.బి.), రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ కలిసి ఈ లోపమును సరిదిద్దబూనినవి. ఎక్స్‌ఏ-21, ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 అను మూడు నిరోధక జన్యువులను సంకరణము ద్వారా సాంబ మసూరిలోనికి తెచ్చి, మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేసినవి.

ఈ మూడింటిలో ఎక్స్‌ఏ-5 ఉన్న చోటు గమనింపదగినది. వరి ఐదవ క్రోమోసోములో సుమారు మూడు కోట్ల అక్షరములున్నవి. ఈ జన్యువు దాని ఒక కొస నుండి ఐదు లక్షల అక్షరములలోపే ఉన్నది. తెగులుకు లొంగు రూపమునకు, లొంగని రూపమునకు భేదము రెండక్షరములు మాత్రమే! సంకరణములో మంచి జన్యువుతోపాటు దాని ఇరుగుపొరుగు కూడ వెంట వచ్చును. వానివలన అన్నపు నాణ్యము చెడకుండ, ఇరుప్రక్కల గుర్తులను పరీక్షించుచు అనవసరమైన భాగమును తగ్గింపవలెను. ఈ పనికి టెలోమియరు ఆవృత్తిని చదువవలసిన అవసరము రాలేదు. కాని ఆ ఇరుగుపొరుగు ఎవరో తెలియుటకు కొస వరకు నమ్మదగిన పాఠము ఉండుట ఎంత మేలో దీనివలన తెలియగలదు. పెక్కు జీవులలో ఉపటెలోమియరు భాగములు త్వరగా మార్పులు చెందుచుండును. అట్టి మార్పులు పొట్టి పఠనములకు అందవు.

వరి జన్యుపాఠమును పది దేశముల శాస్త్రజ్ఞులు కలిసి 2005లో ప్రకటించినారు. అందు పదునొకండవ క్రోమోసోములోని కొంతభాగమును చదివినవారు భారతీయులే. ఆ పాఠములోను కొసలు చాలవరకు లోపించినవి. 2006లో జపాను శాస్త్రజ్ఞులు ఏడు కొసలను విడిగా చదివినారు. పొడవైన పఠనములు వచ్చిన పిదప 2023లో అదే నిప్పొన్‌బారె వరి పండ్రెండు క్రోమోసోములు, వాని ఇరువదినాలుగు కొసలతో సహా, సంపూర్ణముగా చదువబడినవి.

రోగికి కలుగు మేలు

టెలోమరేజుకు సంబంధించిన జన్యువులలో దోషముతో పుట్టినవారికి కొసలు మిక్కిలి పొట్టిగా ఉండును. వారిలో కొందరికి ఎముకల మూలుగ రక్తకణములను తయారుచేయుట మానివేయును. కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడును. మూలుగ ఎండినవారికి తోబుట్టువు మూలుగను మార్పిడి చేయుట చికిత్సలలో ఒకటి. ఇక్కడనే ఒక అపాయము పొంచి ఉన్నది. చూచుటకు ఆరోగ్యముగా ఉన్న తోబుట్టువులో కూడ అదే దోషము దాగి ఉండవచ్చును. అట్టి అన్న గాని, చెల్లెలు గాని ప్రేమతో ఇచ్చిన మూలుగ రోగి శరీరములో చక్కగా నాటుకొనకపోవచ్చును. కావున ఇట్టి కుటుంబములలో దాతను నిర్ణయించుటకు పూర్వము దాత కొసల పొడవును, జన్యువులను పరీక్షింపవలెను. కొలత తప్పైనచో, ఆ తప్పును మోయునది రోగి ప్రాణము. పద్ధతిలోని ఖచ్చితత్వము శాస్త్రజ్ఞుల ముచ్చట మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. కొసల పొడవును కొలిచి మనిషి నిజమైన వయస్సును, మిగిలిన ఆయుస్సును చెప్పెదమను ప్రకటనలు కొన్ని కనబడుచుండును. ఒకే వయస్సు గల ఆరోగ్యవంతులలోనే కొసల పొడవు చాల భేదించును. పొడవైన కొసలు ఎల్లప్పుడు మేలును కావు. కాన్సరు కణములలో పెక్కుభాగము టెలోమరేజును మేల్కొలిపియే అంతులేని విభజన సాగించుచున్నవి. కావున ఒక్క అంకెను చూచి సంతసించుటయు, బెదరుటయు తగదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఖర్చులేకుండ విద్యార్థులకు చూపవచ్చును. పొడవైన కాగితపు పట్టీపై మొదట అ, థ, గ, స అక్షరములను ఇష్టము వచ్చిన వరుసలో ముప్పది వ్రాయవలెను. తరువాత థథఅగగగ అను మాటను ఇరువది మార్లు వ్రాయవలెను. ఇట్టివి పది పట్టీలు సిద్ధము చేసి, ఐదింటిని పన్నెండేసి అక్షరముల ముక్కలుగా, పట్టీ పట్టీకి వేర్వేరు చోట్ల కత్తిరింపవలెను. ముక్కలను కలిపి, చేతికి వచ్చినట్లు కొన్నింటిని తీసివేయవలెను. ప్రయోగశాలలోను అన్ని ముక్కలు చదువబడవు. వీనిని ఒక జట్టుకు ఇచ్చి మాట ఎన్ని మార్లు ఉన్నదో కనుగొనుమనవలెను. మొదటి ముప్పది అక్షరములను వారు చక్కగా కూర్చగలరు. ఆవృత్తి సంఖ్యను మాత్రము తేల్చలేరు.

తక్కిన ఐదు పట్టీలను మొదట ఐదారు అక్షరములు మాత్రము తీసివేసి రెండవ జట్టుకు ఇయ్యవలెను. వారు నిమిషములో లెక్క చెప్పుదురు. తెలివిలో మొదటి జట్టువారు తక్కువవారు కారు. వారి చేతిలోని ముక్కలలో ఆ ప్రశ్నకు జవాబు లేదు, అంతే. ప్రశ్నకు తగిన కొలత ఏదో ముందుగా ఆలోచించుట విజ్ఞానశాస్త్రములో మొదటి పాఠమని విద్యార్థులు ఈ కాగితపు ముక్కల వలన గ్రహింపగలరు.